సైలెన్సర్ మారిస్తే టర్బో బూస్ట్ పెరుగుతుందా?

ఉత్తర తెలంగాణ రోడ్ల మీద టర్బో ఇప్పుడు కొత్త వస్తువేమీ కాదు. డీజిల్ కార్లకు అది ఎప్పటినుంచో ఉంది. పెట్రోల్‌లోనూ నెక్సాన్, ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ, వెన్యూ, వర్టస్, స్లావియా, ఫ్రాంక్స్‌ల టర్బో మోడళ్లు హనుమకొండ, కరీంనగర్, నిజామాబాద్‌లలో చాలా కనిపిస్తున్నాయి. బండి కొన్న కుర్రాళ్లలో చాలామంది మనసు ముందుగా సైలెన్సర్ మీదికే పోతుంది. "పైపు ఫ్రీ చేస్తే బూస్ట్ పెరుగుతది, బండి మంచిగ గుంజుతది" అన్నది గ్యారేజీల్లో వినిపించే మాట. బండి గుంజే తీరు మారడం నిజమే కావచ్చు. కానీ బూస్ట్ పెరిగిందా, పెరిగితే ఎందుకు పెరిగింది, అలా పెరగడం మంచిదేనా అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. వాటిని విడదీసి చూడకుండా పైపు కోయిస్తే డబ్బు పోతుంది, ఒక్కోసారి ఇంజిన్ కూడా పోతుంది.

టర్బోలో ఒకే ఇరుసుకు రెండు చివర్లా రెండు చక్రాలుంటాయి. ఇంజిన్ నుంచి వచ్చే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది, అది టర్బైన్. దానితో పాటు తిరిగే రెండో చక్రం కంప్రెసర్. అది బయటి గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి తోస్తుంది. చిన్న కార్ల టర్బోల్లో ఈ ఇరుసు నిమిషానికి 2 లక్షల చుట్ల దాకా తిరగగలదు. ఇంజిన్‌లోకి పోయే గాలి పీడనం బయటి గాలి పీడనం కంటే ఎంత ఎక్కువుందో దాన్నే బూస్ట్ అంటారు. టర్బోను వదిలేస్తే అది పెరుగుతూనే పోతుంది కాబట్టి, టర్బైన్ పక్కన వేస్ట్‌గేట్ అనే చిన్న తలుపు పెడతారు. బూస్ట్ సరిపోగానే తలుపు తెరుచుకుని మిగిలిన పొగ టర్బైన్‌ను తాకకుండా పక్కనుంచి వెళ్లిపోతుంది. ఆ తలుపు ఎప్పుడు, ఎంత తెరవాలో ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, అంటే ఈసీయూ చెబుతుంది. ఇంజిన్‌లోకి గాలి పోయే గొట్టం (ఇన్‌టేక్ మానిఫోల్డ్) మీదున్న ప్రెషర్ సెన్సర్‌ను చూస్తూ, తన దగ్గరున్న లెక్క ప్రకారం తలుపును సర్దుతూ ఉంటుంది.

అంటే కంపెనీ 1 బార్ (దాదాపు బయటి గాలి పీడనమంత) బూస్ట్ అని పెట్టిన కారులో పైపు ఎంత పెద్దది వేసినా, ఈసీయూ చేతనైనంత వరకు దాన్ని 1 బార్ దగ్గరే ఆపుతుంది. పైపు సులువైందని టర్బైన్ ఇంకా జోరుగా తిరగబోతే, తలుపు ఇంకాస్త తెరుచుకుంటుంది. మరి బండిలో తేడా ఎక్కడిది?

టర్బైన్ వెనక ఏం జరుగుతుంది

టర్బైన్‌కు బలమిచ్చేవి మూడు: పొగ ఎంత వస్తోంది, ఎంత వేడిగా ఉంది, చక్రానికి ముందున్న పీడనం వెనకున్న పీడనానికి ఎన్ని రెట్లుంది. టర్బైన్ తర్వాత ఉండే పైపును మార్చినప్పుడు మారేది ప్రధానంగా ఈ మూడోది.

ఒక ఊహా లెక్క చూద్దాం. బయటి గాలి పీడనం 1 బార్ అనుకుందాం. 1 బార్ బూస్ట్ అంటే ఇన్‌టేక్‌లో మొత్తం పీడనం 2 బార్. పెద్ద ఆర్‌పీఎమ్‌లో ఆ బూస్ట్ నిలబెట్టడానికి టర్బైన్ ముందు పీడనం వెనకదానికి 1.8 రెట్లు ఉండాలనుకుందాం. కంపెనీ వేసిన స్టాక్ పైపులో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్), చప్పుడు తగ్గించే రెసొనేటర్, మఫ్లర్ అన్నీ అడ్డుపడి టర్బైన్ వెనక 1.35 బార్ నిలిచింది. అప్పుడు ముందు 2.43 బార్ ఉండాలి. పైపు సులువు చేశాక వెనక 1.10 బార్‌కు దిగితే, ముందు 1.98 బార్ చాలు. వెనక పావు బార్ తగ్గిస్తే ముందు దాదాపు అర బార్ తగ్గింది.

ఈ తగ్గుదలలోనే అసలు లాభముంది. పిస్టన్ పొగను బయటికి నెట్టేటప్పుడు ఎదురయ్యే ఒత్తిడి 2.43 నుంచి 1.98కి పడింది. ఇంతకుముందు లోపలికి వచ్చే గాలి కంటే బయటికి పోయే పొగ ఒత్తిడే ఎక్కువ, కాబట్టి కాలిన పొగ కొంత సిలిండర్‌లోనే మిగిలిపోయేది. ఇప్పుడు రెండూ దాదాపు సమానం. సిలిండర్ బాగా ఖాళీ అవుతుంది, కొత్త గాలి ఎక్కువ పడుతుంది, నాకింగ్ (ఇంధనం అదుపు లేకుండా పేలినట్టు మండడం) భయం కూడా కొంత తగ్గుతుంది. గేజ్ మీద బూస్ట్ అదే 1 బార్. బలం మాత్రం పెరిగింది.

బూస్ట్ అంకెను బలానికి కొలతగా చూడడం ఇక్కడే బెడిసికొడుతుంది. బోరు మోటారు డెలివరీ వాల్వును సగం మూస్తే ప్రెషర్ గేజ్ ముల్లు పైకి లేస్తుంది, పొలానికి పారే నీళ్లు మాత్రం తగ్గుతాయి. బూస్ట్ కూడా అలాంటిదే: ఇంజిన్ మింగలేక ఆగిన గాలి చూపించే ఒత్తిడి అది. ఇంజిన్ శ్వాస సులువైతే అదే బూస్ట్‌లో ఎక్కువ గాలి లోపలికి పోతుంది, ఒక్కోసారి తక్కువ బూస్ట్‌లో కూడా. "మా బండికి 1.4 బార్ వస్తుంది" అని చెప్పుకునేవాళ్లు అడగాల్సిన ప్రశ్న గాలి ఎంత పోతోందని, అది ఎంత వేడిగా పోతోందని.

ఇక తక్కువ ఆర్‌పీఎమ్ సంగతి. అక్కడ వేస్ట్‌గేట్ మూసే ఉంటుంది. వచ్చిన పొగంతా టర్బైన్ మీదుగానే పోతుంది. ఆ దశలో వెనక అడ్డు తగ్గితే టర్బో నిజంగానే కాస్త ముందుగా లేస్తుంది, అదే ఆర్‌పీఎమ్‌లో బూస్ట్ నిజంగానే కొంచెం ఎక్కువ కనిపిస్తుంది. అయితే పైపులోని అడ్డు పొగ ప్రవాహానికి వర్గంలా పెరుగుతుంది: ప్రవాహం రెట్టింపైతే ఒత్తిడి దాదాపు నాలుగింతలు. తక్కువ ప్రవాహంలో స్టాక్ పైపు అడ్డు అసలే స్వల్పం కనుక అక్కడ దొరికే లాభమూ స్వల్పమే. కాజీపేట బ్రిడ్జి నుంచి హనుమకొండ చౌరస్తా దాకా ట్రాఫిక్‌లో పాకే బండికి ఈ తేడా అందదు. తెలిసేది హైవే మీద, నిండా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు.

"కొంచెం బ్యాక్ ప్రెషర్ ఉండాలి, లేకపోతే పికప్ పోతుంది" అని కొందరు పాత మెకానిక్కులు చెబుతారు. టర్బో లేని ఇంజిన్లలో పైపు పొడవు, సైజు సరిగ్గా కుదిరితే పొగ అలలు సిలిండర్‌ను ఖాళీ చేయడానికి సాయపడతాయి. అక్కడ మరీ పెద్ద పైపు వేస్తే ఆ సాయం పోయి పికప్ తగ్గుతుంది. ఆ అనుభవంలోంచి పుట్టిన మాట అది. టర్బైన్ దాటిన తర్వాతి పైపుకు అది వర్తించదు. అక్కడ ఒత్తిడి ఎంత తక్కువుంటే టర్బోకు అంత మేలు.

ఎక్కడ మార్చారన్నది ముఖ్యం

అందరూ మొదట మార్చేది చివరి మఫ్లర్. శబ్దం బాగా మారుతుంది, బూస్ట్‌లో మార్పు దాదాపు కనిపించదు. క్యాట్ తర్వాత నుంచి చివరిదాకా మొత్తం పైపు మారిస్తే కొద్దిగా ఫలితం ఉండొచ్చు, 1.0, 1.2 లీటర్ల ఇంజిన్లలో అదీ తక్కువే. చప్పుడు పెరిగితే బలం పెరిగినట్టు చెవికి అనిపిస్తుంది. ఆ అనిపించడానికే చాలామంది వేలకు వేలు పెడుతున్నారు.

అసలు తేడా డౌన్‌పైపు దగ్గర ఉంది. టర్బైన్ బయటికి వచ్చీరాగానే మొదలయ్యే ముక్క అది, చాలా కార్లలో క్యాట్ కూడా అక్కడే ఉంటుంది. అక్కడ పొగ అత్యంత వేడిగా ఉంటుంది. వేడెక్కిన పొగ ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి ఇరుకు ఎక్కువ బాధించేదీ అక్కడే. పైగా టర్బైన్ నుంచి సుడులు తిరుగుతూ వచ్చే పొగ, వేస్ట్‌గేట్ నుంచి అడ్డంగా వచ్చే పొగ రెండూ కలిసేది ఆ జానెడు జాగాలోనే. ఆ కలయిక సాఫీగా జరగకపోతే పైపు ఎంత పెద్దదైనా ప్రయోజనం ఉండదు. మంచి డౌన్‌పైపుల్లో గంట ఆకారంలో విశాలమైన మొదలు ఉండడానికి కారణం ఇదే.

టర్బైన్ ముందు భాగం కథ వేరు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ ఊదేసినా, మానిఫోల్డ్‌లో సన్నని పగులు వచ్చినా టర్బైన్‌కు చేరాల్సిన ఒత్తిడి, వేడి దారిలోనే పోతాయి. బూస్ట్ ఆలస్యమవుతుంది, పూర్తిగా అందకపోవచ్చు కూడా. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేయగానే టక్ టక్ మని వినిపించి, వేడెక్కాక తగ్గే శబ్దం దీని గుర్తు. టర్బైన్ దాటాక లీకైతే మాత్రం బూస్ట్ పడిపోదు, చప్పుడు, వాసన వస్తాయి. "బండి గుంజుతలేదు" అని వచ్చిన కారుకు పెద్ద పైపు అంటగట్టే ముందు ఈ గ్యాస్కెట్ చూడాలి. టర్బో ఒత్తిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ హోసులు, వాటి క్లాంపులు చూడాలి. ఆ పైపుల్లో చిన్న చిరుగున్నా ఈసీయూ బూస్ట్ నిలబెట్టడానికి టర్బోను మామూలు కంటే ఎక్కువ వేగంతో తిప్పిస్తుంది. బేరింగుల ఆయుష్షు అలా కరుగుతుంది.

బూస్ట్ చెయ్యి దాటినప్పుడు

అడ్డు తగ్గించిన ఫ్రీ ఫ్లో పైపుతో బూస్ట్ నిజంగానే పెరిగిందంటే, చాలాసార్లు దాని అర్థం అదుపు తప్పిందని. వేస్ట్‌గేట్ రంధ్రం సైజును కంపెనీ స్టాక్ పైపు అడ్డును లెక్కలో పెట్టుకుని నిర్ణయిస్తుంది. ఆ అడ్డు తీసేస్తే టర్బైన్ దారి సులువై ఎక్కువ పొగ అటే పోతుంది. తలుపు పూర్తిగా తెరిచినా పక్కదారికి సరిపడా పొగ మళ్లదు. ఆర్‌పీఎమ్ పెరిగేకొద్దీ బూస్ట్ నెమ్మదిగా పైకి పాకుతుంది. దీన్నే బూస్ట్ క్రీప్ అంటారు. 1990ల నాటి మిత్సుబిషి ఎక్లిప్స్ టర్బో కార్లలో 3 అంగుళాల పైపు వేసినవాళ్లకు ఈ ఇబ్బంది బాగా ఎదురైంది. వేస్ట్‌గేట్ రంధ్రాన్ని గ్రైండ్ చేసి పెద్దది చేయడం వాళ్లు కనుక్కున్న మందు. యాక్సిలరేటర్ తొక్కగానే బూస్ట్ ఒక్క క్షణం ఎగిరి వెంటనే దిగితే అది స్పైక్. తలుపు కదలడంలో జరిగే ఆలస్యం వల్ల, లేదా కొత్త పైపుకు ఈసీయూ లెక్క సరిపోకపోవడం వల్ల అది వస్తుంది. క్రీప్‌ను సాఫ్ట్‌వేర్‌తో బాగుచేయడం కుదరదు, ఎందుకంటే తలుపు అప్పటికే పూర్తిగా తెరిచి ఉంది. స్పైక్‌ను రీమ్యాప్‌లో, అంటే ఈసీయూ లెక్కలను మార్చి సరిదిద్దొచ్చు.

పరిమితి దాటితే ఈసీయూ ఊరుకోదు. థ్రాటిల్ మూస్తుంది, ఇంధనం కోస్తుంది, చెక్ ఇంజిన్ లైట్ వెలిగించి బండిని బలం తగ్గించి నడిపే లింప్ మోడ్‌లోకి నెడుతుంది. స్కానర్‌లో పీ0234 కోడ్ కనిపిస్తే బూస్ట్ ఎక్కువైందని, పీ0299 అయితే తక్కువైందని. క్యాట్ తీసేసిన బండికి పీ0420 వస్తుంది. క్యాట్ తర్వాతి ఆక్సిజన్ సెన్సర్ పట్టించేస్తుంది. ఆ సెన్సర్‌ను మోసం చేసే స్పేసర్లు పెట్టి లైట్ ఆర్పేయడం చాలాచోట్ల నడుస్తోంది. దాంతో ఆరేది లైట్ మాత్రమే.

మన వాతావరణం ఈ లెక్కలోకి గట్టిగానే వస్తుంది. మే నెలలో రామగుండం, ఆదిలాబాద్, జగిత్యాల వైపు ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరుతుంది. ఆ గాలిని 70 శాతం సామర్థ్యమున్న కంప్రెసర్ రెండు రెట్లకు ఒత్తితే ఇంటర్‌కూలర్‌కు ముందు అది సుమారు 145 డిగ్రీలవుతుంది. డిసెంబర్ తెల్లవారుజామున 12 డిగ్రీల గాలిని అదే లెక్కన ఒత్తితే దాదాపు 100 డిగ్రీలే. వేసవిలో ఈసీయూ నాకింగ్ రాకుండా ఇగ్నిషన్‌ను (నిప్పురవ్వ పడే సమయాన్ని) వెనక్కి జరుపుతుంది, అవసరమైతే బూస్ట్ తగ్గిస్తుంది. ఎండాకాలంలో ఏ పైపు వేసినా బండి మందకొడిగానే అనిపించడానికి కారణం అది. చలికాలంలో కథ తిరగబడుతుంది. 45 డిగ్రీల గాలి కంటే 12 డిగ్రీల గాలి సుమారు 12 శాతం చిక్కన. ఇంజిన్ మింగే గాలి పెరిగితే పొగ కూడా పెరుగుతుంది, వేస్ట్‌గేట్ మీద భారం పెరుగుతుంది. మేలో ఏ తేడా చూపించని బండి డిసెంబర్‌లో నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కుతున్నప్పుడు క్రీప్ చూపించి లింప్ మోడ్‌లో పడిపోవచ్చు. ఎండల్లో రీమ్యాప్ చేయించి "అంతా బాగుంది" అనుకోవడం ఇందుకే సరిపోదు.

డీజిల్ బళ్లలో

డీజిల్ ఇంజిన్‌లో గాలి ఎప్పుడూ అవసరం కంటే ఎక్కువే ఉంటుంది. బలం పెరగాలంటే డీజిల్ ఎక్కువ పోయాలి. ఒట్టి బూస్ట్ పెరిగితే నల్లపొగ తగ్గొచ్చు, లోపలి వేడి కాస్త తగ్గొచ్చు, కానీ గుంజుడు పెద్దగా పెరగదు. కొన్ని డీజిల్ టర్బోలకు వేస్ట్‌గేట్ ఉంటుంది, కొన్నిటికి టర్బైన్ చుట్టూ కదిలే రెక్కలుంటాయి. మారుతి 1.3 లీటర్ డీజిల్‌లోనే 75 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) స్విఫ్ట్‌కు మామూలు టర్బో, 90 పీఎస్ ఎర్టిగా, సియాజ్‌లకు రెక్కల టర్బో ఉండేవి. రెక్కల టర్బోలో పొగను పక్కకు వదలడం ఉండదు, రెక్కల కోణం మార్చి వేగాన్ని అదుపు చేస్తారు. వెనక పైపు అడ్డు ఉన్నట్టుండి తగ్గితే ఈసీయూ వేసుకున్న పాత కోణాలు తప్పి, టర్బో కాసేపు హద్దు మీరిన వేగంతో తిరగొచ్చు.

టర్బైన్ వెనక ఒత్తిడి ఏం చేయగలదో లారీ, బస్సు డ్రైవర్లకు బాగా తెలుసు. ఎగ్జాస్ట్ బ్రేక్ అంటే అదే: పైపులో పలకను మూసి కావాలనే ఒత్తిడి పెంచి బండిని నెమ్మదింపజేయడం. ఆ పలక తుప్పు పట్టి సగం మూసుకుని ఇరుక్కుంటే లోడుతో ఉన్న బొగ్గు లారీ చడావు ఎక్కలేక నల్లపొగ కక్కుతుంది. టర్బో పాడైందని విప్పేస్తారు, తప్పు పలకది.

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 (పొగ కాలుష్య ప్రమాణం) డీజిల్ కార్లలో ఈ పలక పాత్రను తెలియకుండానే పోషించేది డీపీఎఫ్, అంటే మసిని పట్టే ఫిల్టర్. అందులో పట్టిన మసి కాలిపోవాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి, కొంతసేపు ఆగకుండా సాగే ప్రయాణం కావాలి. ఇంటి నుంచి బడికి, బడి నుంచి బజారుకు రెండు మూడు కిలోమీటర్లు తిరిగే బండిలో అది కుదరదు. మసి నిండి వెనక ఒత్తిడి పెరిగి బూస్ట్ ఆలస్యమవుతుంది. వారానికోసారి కరీంనగర్ రోడ్డు మీదో, హైదరాబాద్ హైవే మీదో అరగంట నిలకడగా నడిపితే చాలా బళ్లు తేరుకుంటాయి. అది చేయకుండా డీపీఎఫ్‌ను కోసి లోపలి తేనెపట్టును పీకేయించడం తొందరపాటు. ఆ మసి పీల్చేది వెనక బండి మీద వచ్చే మనుషులు.

చట్టం కూడా స్పష్టంగానే ఉంది. మోటారు వాహనాల చట్టం 182ఎ(4) ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. శబ్దం, పొగ ప్రమాణాలు దాటితే 190(2) కింద మొదటిసారి 10,000 రూపాయల వరకు జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడే వీలుంది, లైసెన్స్ మూడు నెలలు పోతుంది.

పని ఎలా చేస్తారన్నది

పైపు సైజు మీద అనవసరపు మోజు ఉంది. 100–120 పీఎస్ ఇచ్చే చిన్న టర్బో ఇంజిన్‌కు 2 నుంచి 2.25 అంగుళాల పైపు సరిపోతుంది. 3 అంగుళాలది వేస్తే బూస్ట్‌కు ఒరిగేదేమీ ఉండదు, పల్లెల్లోని ఎత్తైన స్పీడ్ బ్రేకర్లకు తగులుకుంటుంది. సైజు కంటే వంపులు ముఖ్యం. మామూలు ప్రెస్‌లో వంచిన పైపు వంపు దగ్గర నొక్కుకుపోయి లోపలి దారి చిన్నదవుతుంది, 2.25 అంగుళాల పైపు అక్కడ 2 అంగుళాలదే అయిపోవచ్చు. ఇసుక నింపి వేడి చేసి ఓపిగ్గా వంచే పాత పద్ధతి దీనికంటే నయం. జాయింట్ల దగ్గర వెల్డింగ్ ముద్దలు లోపలికి పొడుచుకు రాకుండా, గ్యాస్కెట్ అంచు దారిలోకి తోసుకు రాకుండా చూసే వెల్డర్ దొరికితే అతణ్ని వదులుకోకూడదు.

ఏ పని చేయించినా ముందూ వెనకా కొలత ఉండాలి. దీనికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. కారు కంప్యూటర్‌ను చదివే ఓబీడీ సాకెట్‌కు పెట్టే చిన్న బ్లూటూత్ రీడర్, ఫోన్‌లో ఒక యాప్ చాలు. అందులో కనిపించే మానిఫోల్డ్ ప్రెషర్ మొత్తం పీడనం, బూస్ట్ కాదు. వరంగల్ సముద్రమట్టానికి 260 మీటర్లకు పైన ఉంది కాబట్టి ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ వేసినప్పుడు సుమారు 97–98 కిలోపాస్కల్స్ చూపించాలి. నడుస్తుండగా 198 చూపిస్తే బూస్ట్ దాదాపు 100 కిలోపాస్కల్స్, అంటే 1 బార్. ఖాళీ హైవే మీద, వేగ పరిమితి లోపల, మూడో గేరులో నిండా తొక్కి ఆర్‌పీఎమ్, మానిఫోల్డ్ ప్రెషర్, ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత మూడూ రికార్డు చేయాలి. ఫోన్ పక్క సీటులో ఉన్నవాళ్ల చేతిలో ఉండాలి.

క్యాట్ మూసుకుపోయిందన్న అనుమానం ఉంటే దాని ముందున్న ఆక్సిజన్ సెన్సర్ తీసి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ బిగించి చూడొచ్చు. టర్బైన్ దాటిన చోట ఐడిల్‌లో 1 పీఎస్ఐ (పీడనానికి ఇంకో కొలత) చుట్టుపక్కల, 2,500 ఆర్‌పీఎమ్‌లో 3 పీఎస్ఐ లోపు ఉంటే పైపు బాగానే ఉన్నట్టు. అంతకు మించితే అడ్డు ఎక్కడుందో వెతకాలి. ఆయిల్ తాగే ఇంజిన్, మిస్‌ఫైర్ అయ్యే ఇంజిన్ క్యాట్‌ను కరిగించి మూసేస్తాయి. ఆ జబ్బు తగ్గించకుండా కొత్త క్యాట్ వేసినా అదే గతి పడుతుంది.

పైపు మార్చాక తీసిన రికార్డులో 3,000 ఆర్‌పీఎమ్ దాటాక ప్రెషర్ గీత సమంగా ఉండి, బండి మునుపటి కంటే తక్కువ సెకన్లలో వేగం అందుకుంటే పని సరిగ్గా జరిగినట్టు. గీత 4,500 తర్వాత ఆగకుండా పైకి పోతుంటే వేస్ట్‌గేట్ చాలడం లేదు. అప్పుడు రీమ్యాప్ మాట ఎత్తకుండా ఆ రంధ్రం సంగతి చూడాలి, లేదా స్టాక్ డౌన్‌పైపు తిరిగి బిగించాలి. వేసవిలో పని చేయించినవాళ్లు అదే రోడ్డు మీద, అదే గేరులో డిసెంబర్ చలిలో ఇంకోసారి రికార్డు తీసి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.